తోడు పెట్టిన కన్ను

ఎడమ గిన్నెలోని కన్ను నలభయ్యో నిమిషానికి చచ్చిపోయింది. కుడి గిన్నెలోని కన్ను అదే దీపాన్ని నిక్షేపంగా చూస్తూనే ఉంది. రెండూ ఒకే మనిషి కణాలు. రెండింటి మీదా ఒకే లేబుల్, కె-ఒకటి అని. తెర మీద ఎడమ గీత అడుగుకు పడిపోయి లేవలేదు. కుడి గీత మాత్రం ఎక్కుతూ దిగుతూ హాయిగా సాగిపోతోంది.

"ఏ గీత పడిపోయిందండీ?" అని కనకం అడిగింది.

ఆమె తెరకు జానెడు దూరంలోనే నిలబడి ఉంది. అయినా ఎక్కడ చూస్తే అక్కడ, చూపు మధ్యలో ఒక బూడిదరంగు మచ్చ అడ్డం పడుతోంది. ఆరు నెలలుగా ఇదే వరస. ఎవరికీ చెప్పలేదు. ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చిన షాహీన్ అనే అమ్మాయి ఆమె వంక ఒక క్షణం చూసి, ఎడమది అని మెల్లగా చెప్పింది. ఈ గిన్నెల యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ ఈశ్వరమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

గిన్నెలో కన్నేమిటని అడుగుతారు. చెప్పాల్సిందే.

పూర్వం లేజర్ పెన్ను గాని, ఎల్ఈడీ బల్బు గాని అంగట్లోకి రావాలంటే ముందు ఇలాంటి లాబొరేటరీకి వచ్చేది. ఎంత వెలుగు, అందులో నీలం పాలెంత, ఎంత దూరం నుంచి ఎంతసేపు అని మీటర్లతో కొలిచేవారు. కళ్ళలో వెలుగు పొడిస్తే మనిషి సెకనులో నాలుగో వంతులో రెప్ప వేసేస్తాడని ఒక లెక్క ఉండేది. చిన్నచిన్న లేజర్లన్నీ ఆ రెప్పను నమ్ముకునే పాసయ్యేవి. ఈశ్వరమూర్తికి ఇది నచ్చలేదు. చెప్పు సరిపోయిందో లేదో కాలికి తొడిగి చూడాలి గాని స్కేలు పెట్టి కొలవడమేమిటన్నాడు. కంటి వెనక వెలుగును పట్టుకునే పలుచని పొర ఉంటుంది, రెటీనా. దాన్నే గాజు గిన్నెలో పెంచి, అడుగున వెంట్రుకల్లాంటి తీగలు అమర్చాడు. దీపం పెడితే ఆ పొర చూస్తుంది, దాని చూపు తెర మీద గీతగా కనబడుతుంది. ఈ యంత్రం పేరు నేత్రిక. గిన్నెలో కన్ను రెప్ప వేయదు, పక్కకు తిరగదు కాబట్టి అక్కడ ఎనిమిది గంటలు గడిస్తే బయట ఒక మనిషి నిండు ఆయుష్షు గడిచినట్టే. ఎనిమిది గంటల తరవాత నూటికి తొంభై ఎనిమిది కణాలు బతికి ఉంటే దీపం మంచిదని సర్టిఫికెట్ ఇస్తారు.

నలభై నిమిషాలంటే ఆ లెక్కన ఆరేళ్లు. ఆ దీపం విశాఖపట్నం వీధుల్లోకి వచ్చి కూడా సరిగ్గా ఆరేళ్లయింది.

మొదట్లో కణాలు ఎవరివి తీసుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈశ్వరమూర్తి చుట్టూ చూశాడు. టెక్నీషియన్ కనకానికి అప్పుడు ముప్ఫయి నాలుగేళ్లు. అసురసంజెవేళ దీపం లేకుండా సూదిలో దారం ఎక్కించేది. ఆమె చేతి చర్మంలోంచి చిటికెడు తీసి, దాన్ని కన్నుగా మార్చి, వంద చిన్న గొట్టాల్లో నింపి ఫ్రీజర్‌లో పెట్టారు. వాటిని తల్లి గొట్టాలనేవారు. ఇక దేశంలో ఏ దీపం వెలగాలన్నా ముందు తన కన్ను ఒప్పుకోవాలని కనకం ఇంటికెళ్లి కూతురు హారికతో చెప్పి మురిసిపోయింది. మురిసిపోదా మరి.

నిబంధన ఏమిటంటే, ప్రతి పరీక్షకూ కొత్త తల్లి గొట్టం తెరవాలి, పరీక్ష కాగానే ఆ గిన్నె పారేయాలి. కొత్త కన్ను పెరగడానికి నలభై రోజులు. దీపాల కంపెనీలేమో వారంలో రిపోర్టు కావాలని పీకల మీద కూర్చునేవి. అదీగాక, గిన్నెలో నిక్షేపంగా బతికి ఉన్నదాన్ని, అందులోనూ తన కంటిని, చెత్తబుట్టలో పడేయడానికి కనకానికి చెయ్యి రాలేదు. ఒకరోజు పరీక్ష అయిన గిన్నెలోంచి బతికిన కణాలు ఒక చుక్క తీసి కొత్త గిన్నెలో వేసింది, రాత్రి పాలకు తోడు పెట్టినట్టే. ఆరు రోజులకల్లా కన్ను తయారైంది. ఈశ్వరమూర్తి వచ్చి చూశాడు. ఇదీ కె-ఒకటే కదా అని అడిగాడు. కె-ఒకటేనండీ అంది. ఆయన మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే నలభై రోజులు ఆగాలి మరి.

ఇక్కడే ఉంది తిరకాసంతా. ఏ రోజుకా రోజు మిగిలిన పెరుగుతోనే తోడు పెడుతూ పోతే కొన్నాళ్లకు అది నోట పెట్టలేనంత పులిసిపోతుందని కనకానికి తెలియదా? ఇంట్లో అయితే పది రోజులకోసారి పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి తియ్యటి పెరుగు తెచ్చుకుని తోడు మార్చేది. లాబొరేటరీలో ఆ సంగతి తోచలేదు. తెల్లకోటు వేసుకుంటే ఇంటి తెలివి గుమ్మం బయటే ఆగిపోతుందేమో.

ప్రతి పరీక్షలోనూ వెలుగుకు తాళలేనివి చచ్చాయి. తాళినవి తరవాతి గిన్నెకు తోడయ్యాయి. ఆరువందల పరీక్షలు ఇలాగే నడిచాయి. గిన్నెలో కన్ను ఏటేటా మొద్దుబారింది. దీపాలు ఏటేటా పదునెక్కాయి. ఏటా తనిఖీ వాళ్లు వచ్చి, థర్మామీటరు సర్టిఫికెట్లు, రిజిస్టరులో సంతకాలు, గిన్నెల మీద లేబుళ్లు చూసి, అంతా సవ్యంగా ఉందని టీ తాగి వెళ్లేవారు. లేబుల్‌లో తప్పేమీ లేదు కూడా. ఊళ్లో వీధుల్లోనూ ఇళ్లలోనూ ఈ దీపాలే 'మధ్యాహ్నం' అనే పేరుతో మూడు లక్షలు వెలిశాయి. వాటికి ఆ పేరు కంపెనీయే పెట్టింది. పొద్దుగుంకడం అనే మాట పిల్లలు మరిచిపోయారు. చూపు మసకబారిందని ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు సుగరనీ, వయసనీ, ఫోను తగ్గించమనీ చెప్పి పంపారు. దీపాన్ని ఎవరూ అనుమానించలేదు. దానికి సర్టిఫికెట్ ఉంది.

షాహీన్ ఒక్కతే లేబుల్ చూసి ఊరుకోలేదు. తల్లి గొట్టం ఒకటి తెరిచి పెంచమని నలభై రోజుల ముందే ఉత్తరం రాసి, ఈ రోజు వచ్చి కూర్చుంది. ఎడమ గిన్నెలోది ఆ కొత్త కన్ను, కుడి గిన్నెలోది తోడు పెడుతూ వచ్చిన కన్ను.

"పదకొండేళ్లలో ఎన్ని గొట్టాలు తెరిచారు, కనకం గారూ?"

"ఒక్కటేనండీ, మొదట్లో. మొన్న మీకోసం రెండోది." కనకం చేతులు కోటు జేబుల్లో దాచుకుంది. "నేనే చేసేనండీ. చచ్చినవి ఒగ్గీసి బతికినవే తోడు పెట్టేను. బతికినవి కదా, మంచివనుకున్నాను."

కంచే చేను మేసింది. దాచకుండా ఆ మాటే షాహీన్ రిపోర్టులో రాసింది. లాబొరేటరీకి గుర్తింపు మూడు నెలలు ఆపేశారు. తరవాత లేబుల్ మీద తేదీ కూడా వేయాలన్న షరతుతో తిరిగి ఇచ్చారు. ప్రభుత్వం కమిటీ వేసింది. పురిటి గదుల్లో మాత్రం పాత మసక బల్బులే వాడాలని ఒక ఉత్తర్వు వచ్చింది. వీధి దీపాలు తీసేస్తే జనం చీకట్లో ఎలా బతుకుతారన్న దగ్గర కమిటీ ఆగిపోయింది. ఈలోగా కనకానికి మచ్చ పెరిగి చూపు మొత్తం కమ్మేసింది. హారిక అప్పుడు ఎనిమిదో నెల గర్భిణి.

ఈశ్వరమూర్తి ఆమె ఇంటికి వచ్చాడు. ఏ దీపానికీ చావని రెటీనా తమ దగ్గర ఉందని, దాన్ని కంట్లో అతికించే పని మొదలయిందని చెప్పాడు. ఆమె కణాలే కాబట్టి ఆమె ఒళ్లు వాటిని తోసిపుచ్చదట, అందుకని మొదటి వరస ఆమెదట.

"మూడు లక్షల దీపాలు మార్చడం కంటే కళ్ళు మార్చడం తేలిక, కనకమ్మా," అన్నాడు. ఆయన గొంతులో సిగ్గు లేకపోలేదు. కానీ కొత్త యంత్రం గురించి చెప్పేటప్పుడు వచ్చే హుషారు కూడా ఉంది.

కనకం ఒకటే అడిగింది. మనవడో మనవరాలో పుడితే ఆ మొహం చూడగలనా అని. చూస్తారు అన్నాడు. సంతకం పెట్టవలసిన చోట హారిక ఆమె వేలు ఆనించింది.

కట్లు విప్పాక వీధిలో నిలబెడితే, మధ్యాహ్నం దీపాల కింద ఎదురు దుకాణం బోర్డు మీద అక్షరాలన్నీ కనకం గడగడా చదివేసింది. ఈశ్వరమూర్తి చప్పట్లు కొట్టాడు. ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆమెకు గోడ తగిలింది. ఆరువందల సార్లు మండే వెలుగుకు ఆరితేరిన కన్ను అది. పురిటి కోసం గదిలో పెట్టిన మసక బల్బు వెలుతురు దానికి వెలుతురు కాదు.

హారికకు ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పొద్దున్న పాపను వాకిట్లో ఎండలోకి తెచ్చారు. కనకం వంగి చూసింది. ముక్కు కనబడింది, పెదవులు కనబడ్డాయి. ఎండ సోకగానే పాప కళ్ళు గట్టిగా మూసేసుకుంది. సెకనులో నాలుగో వంతు పట్టిందో లేదో. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. లోపలికి తీసుకెళ్లగానే విప్పేది.

"ఇప్పుడు తెరిచిందా?" అని మంచం పక్కన కూర్చుని కనకం అడిగింది. ఆమె ముందు ఉన్నదంతా నలుపు.

"తెరిచిందమ్మా. నీ వంకే చూస్తోంది."

హారిక ఇక ఉండబట్టలేకపోయింది. పురిటి గదిలో వాడకూడదని తెలిసీ, పైకప్పుకు ఇంకా వేలాడుతున్న మధ్యాహ్నం దీపం స్విచ్ మీద చెయ్యి వేసింది. ఒక్కసారి, ఒక్క క్షణం, ఏమవుతుందిలే అనుకుంది. స్విచ్ చప్పుడు వినగానే కనకం చెయ్యి దానంతట అదే వెళ్లి పాప కళ్ళు మూసింది.

గది భగ్గుమంది. దీపం అంచున లాబొరేటరీ స్టిక్కరుతో సహా కనకానికి అన్నీ కనబడ్డాయి. మంచం, దుప్పటి, పాప గడ్డం, పాప కళ్ళ మీద కప్పి ఉన్న తన అరచెయ్యి.

"దీనికి ఎవరి కళ్ళొచ్చాయే?" అంది.

"నీవేనమ్మా," అంది హారిక. "అచ్చం నీ పాత కళ్ళు."

కనకం చెయ్యి తీయలేదు.

"అయితే లైటు ఆర్పీ, తల్లీ," అంది.