ముప్పై పొట్లాలు

శనివారం పొద్దున్నే నేత్రావతి వరండాలో చాప మీద చీటీలు పరుచుకుని కూర్చుంది. మేనత్త గౌరమ్మ ఇంటికే కోడలిగా వర్తూరు వచ్చింది ఆమె. అత్త చేసే ఉలవల పొడిని బెళ్ళందూరు అపార్ట్‌మెంట్ల సంతలో అమ్మాలని ఆమె ఆశ. ముందుగా ముప్పై ఇళ్లకు ఒక్కో పొట్లం ఉచితంగా ఇచ్చి, రుచి ఎలా ఉందో చీటీ మీద రాసి ఇమ్మంది. సంత రేపే.

"ఏం రాసినారే?" అంటూ గౌరమ్మ కాఫీ గ్లాసుతో వచ్చింది.

"వాసన చాలా బాగుందంట అత్తా. కానీ పదకొండు మంది ఉప్పు ఎక్కువన్నారు. తొమ్మిది మంది ఉప్పే లేదన్నారు."

"అందరికీ ఇచ్చింది ఒకే పొడి కదే! నాలుకలు యాడ పెట్టినారంట? ఫ్రిజ్‌లోనా?"

పేపరు చదువుతున్న భర్త మోహన్‌కుమార్ నవ్వు ఆపుకున్నాడు.

"ఆరు వాయిలు చేసినావు కదా అత్తా. ఒక్కో వాయికి ఉప్పు ఒక్కో తీరు పడింది. ఈసారి ఉప్పు తూకమేసి వేద్దాం."

"నలభై ఏండ్లుగా ఈ చేత్తోనే వేస్తా ఉండాను. ఈ ఇంట్లో ఎవరన్నా వంక పెట్టినారా? చెప్పప్పా మోహనా!"

మోహన్‌కుమార్ పేపరు ఇంకాస్త పైకెత్తాడు.

దేవుడికి పెట్టకముందు గౌరమ్మ ఏదీ రుచి చూడదు. బీపీ వచ్చాక రెండేళ్లుగా ఆమె తినేది ఉప్పులేని కూడు. ఆమె వంటలో ఉప్పు తప్పుతోందని ఇంట్లో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. పొట్లాలు మాత్రం నేత్రావతి ఆఫీసులో ఉండగానే గౌరమ్మ కట్టేసింది.

"వంక పెట్టలేదు అత్తా," అంది నేత్రావతి మెల్లగా. "నువ్వు పూజలో ఉన్నప్పుడు రోజూ నేనే సరిచేస్తా ఉండాను."

గౌరమ్మ గ్లాసు కింద పెట్టింది. "దేవునికి పెట్టకముందే నోట్లో వేసుకున్నావా?"

"వేసుకున్నా. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"మోహనా, నీకూ తెలుసా?"

పేపరు దిగింది. "తెలుసమ్మా."

"బయటోళ్లు చీటీ రాసి చెప్పినారు. నా ఇంట్లోవాళ్లకి నోరు రాలేదు."

ఆమె వెళ్లి పెరటి గడప మీద కూర్చుంది.

పొడి ఈ రోజే కావాలి. నేత్రావతి బాండలిలో ఉలవలు పోసి, ఫోన్‌లో పన్నెండు నిమిషాలు పెట్టుకుని వేయించసాగింది. ఉప్పు తూచి పక్కన పెట్టింది. ఉలవలు చిటపటలాడుతున్నాయి.

"దించు!" గడప దగ్గర నుంచి కేక వచ్చింది.

"ఇంకా రెండు నిమిషాలుంది అత్తా."

"నీ ఫోనుకి ఏం తెలుసే! చప్పుడు మారింది. దించు, మాడతాది!"

నేత్రావతి దించి చూసింది. అడుగున ఒకటి రెండు గింజలు అప్పుడే నల్లబడుతున్నాయి. ఆమె ఫోను ఆపి, గడప దగ్గరికి వెళ్లింది.

"ఉప్పుకి తూకం చాలు అత్తా. దీనికి మాత్రం నీ చెవి కావాల."

గౌరమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. రెండో వాయి నుంచి పొయ్యి దగ్గర ఆమే నిలబడింది. పొడి అయ్యాక ఒక చెంచా దేవుడి ముందు పెట్టి, దండం పెట్టుకుని వచ్చింది. చిటికెడు తీసి కోడలి అరచేతిలో వేసింది.

"ఎట్లుండాది?"

పెళ్లయిన పదేళ్లలో అత్త ఆ మాట అడగడం అదే మొదటిసారి. బాగుందనడం నేత్రావతికి అలవాటు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆగింది.

"ఉప్పు సరిగ్గా ఉంది అత్తా. కారమే రవంత ఎక్కువైంది."

గౌరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొడి ఘాటు ఇల్లంతా ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

"అయితే మిరపకాయలు కూడా తూకంలో పెట్టు," అంది. "ఇంకోసారి చేద్దాం."