వెనక్కి తిరిగే తువానా

టప్!

షటిల్ వచ్చి తువానా చెవి మీద తగిలింది. హాల్లో ఉన్న పిల్లలంతా గొల్లుమన్నారు.

"చెవితో ఆడటం ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది నెట్ అవతలి పిల్ల.

కోచ్ నెర్గిస్ మేడమ్ ఈల వేసి ఆట ఆపారు.

"తువానా, షటిల్ ఎటు నుంచి వస్తుంది?"

"ఎదుటి నుంచి మేడమ్."

"మరి నువ్వెటు చూస్తున్నావు?"

తువానా చెవి రుద్దుకుంది. "వెనక్కి మేడమ్."

"వెనక ఎవరున్నారు?"

"ఇల్క్‌నూర్."

"ఆ పిల్ల ఎక్కడికైనా పారిపోతుందా? ఇందాకటి నుంచి తెగ కాపలా కాస్తున్నావు."

పిల్లలు మళ్లీ నవ్వారు. తువానాకి ఒళ్లు మండింది.

తువానాకి పదకొండేళ్లు. రెండేళ్లుగా ఒక్కతే ఆడింది. మా ఎర్జింజాన్ ఊళ్లో ఆ వయసు పిల్లల్లో దాని కాళ్లంత చురుకైన కాళ్లు ఇంకెవరికీ లేవు. ఈ ఏడు మేడమ్ దాన్ని డబుల్స్‌లోకి మార్చారు. నెట్ దగ్గర తువానా, వెనక ఇల్క్‌నూర్.

షటిల్ తల మీదుగా దూసుకుపోయేటప్పుడు అది గీత లోపల పడుతుందో బయట పడుతుందో ముందున్న వాళ్లకి తెలీదు. వెనకున్న వాళ్లకి తెలుస్తుంది. బయటికి పోయేదైతే వెనక పిల్ల "వదిలెయ్" అని అరవాలి. ముందు పిల్ల రాకెట్ దించెయ్యాలి. అంతే. చెప్పడానికి ఇంత సులువు.

తువానా మాత్రం ఇల్క్‌నూర్ అరిచినా కొట్టేసేది. లేదంటే నిజమేనా అని వెనక్కి తిరిగి చూసేది. ఇలాగే చెవికి తగిలింది.

"దాని మాట ఎలా నమ్మను మేడమ్?" అంది తువానా. "సోడాబుడ్డి కళ్లద్దాలు. అవి తీస్తే దాని బూట్లే దానికి కనిపించవు."

కొందరు కిసుక్కుమన్నారు. ఇల్క్‌నూర్ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. తర్వాత ఆ రోజంతా ఒక్కసారి కూడా "వదిలెయ్" అని అరవలేదు.

ఇల్క్‌నూర్ బాధపడిందని తువానాకి తట్టనే లేదు. నిజం చెప్పాలంటే, గోల తగ్గింది, హాయిగా ఉందనుకుంది.

శనివారమే పోటీలు. గెలిచిన జంట వేసవిలో అంకారా శిక్షణ శిబిరానికి వెళ్తుంది. దేశం జట్టుకి పిల్లల్ని ఏరేది అక్కడే. తువానా అప్పుడే మంచం కింద నుంచి సూట్‌కేసు లాగి, అందులో రెండు జతల మేజోళ్లు కూడా పెట్టేసింది.

ఇంటికి వెళ్తూ దారిలో తువానా నాన్న దుకాణం దగ్గర ఆగింది. వాళ్లది రాగి పాత్రల పని. దుకాణం రెండు వీధుల అవతలి నుంచే వినిపిస్తుంది. నాన్న నిలబడి సుత్తితో కొడుతున్నాడు. రెమ్జీ బాబాయ్ కింద కూర్చుని పెద్ద గంగాళాన్ని ఇనప దాగలి మీద కొద్దికొద్దిగా తిప్పుతున్నాడు. బాబాయ్ "ఊ" అన్నప్పుడల్లా సుత్తి పడుతోంది.

తువానా రొట్టెలో జున్ను పెట్టుకుని తింటూ చూసింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఇవాళ కాస్త పరీక్షగా చూసింది. సుత్తి వచ్చి బాబాయ్ వేళ్ల పక్కనే పడుతోంది. బాబాయ్ మాత్రం తల ఎత్తడం లేదు.

"బాబాయ్, నాన్న నీ వేలి మీద కొడితే?"

"కొట్టాడుగా ఒకసారి." బాబాయ్ వంకరపోయిన బొటనవేలి గోరు చూపించాడు.

"మరి అప్పట్నుంచీ నువ్వు నాన్న వంక చూస్తూ ఉండాలి కదా?"

"చూస్తూ కూర్చుంటే గంగాళం వంకరపోతుంది. అయినా మీ నాన్న మొహంలో చూడ్డానికేముందే?"

నాన్న పకపకా నవ్వాడు. "వాడు ఊ అంటేనే కదమ్మా నేను కొట్టేది. తిప్పడం అయిందో లేదో వాడికే తెలుస్తుంది, నాకేం తెలుస్తుంది?"

తువానా నమలడం ఆపింది. ఏదో ఆలోచించింది. మళ్లీ నమిలింది. అంతకు మించి ఏమీ జరగలేదు. ఒక్క పూటలో బుద్ధి వచ్చేస్తే ఇంక శనివారం దాకా మనం ఆగడం దేనికి?

శనివారం హాలు కిటకిటలాడింది. తువానా నానమ్మ మొదటి వరసలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది. "పెద్దమ్మా, పొట్టు కింద వెయ్యకండి" అని నిర్వాహకుడు రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

ఫైనల్‌లో ఎదురుగా మలాత్యా ఊరి అమ్మాయిలు. ఇద్దరూ బలంగా, తల ఎత్తున కొడతారు. తువానా ఎగిరెగిరి అన్నీ అందుకుంది. బయటికి పోయేవి కూడా అందుకుంది. వదిలేస్తే తమకే వచ్చే పాయింట్లను కొట్టి మరీ వాళ్లకి అప్పజెప్పింది. వెనక నుంచి ఒక్క మాట లేదు.

మొదటి గేమ్ పోయింది. పన్నెండు, ఇరవై ఒకటి.

"ఎందుకు అరవట్లేదు నువ్వు?" అని విరామంలో తువానా విరుచుకుపడింది.

ఇల్క్‌నూర్ నీళ్లు తాగి సీసా మూత పెట్టింది. "అరిస్తే వింటావా?"

తువానా రాకెట్ తీగలు సవరించుకుంది.

"అయినా నాకేం కనిపిస్తుంది? నా బూట్లే నాకు కనిపించవుగా."

మెల్లిగానే అంది. కళ్లద్దాల వెనక కళ్లు మాత్రం నిండిపోయాయి. తువానాకి సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మాట ఎంత గట్టిగా తగిలిందో ఇప్పుడు తెలిసింది.

"అలా అనకుండా ఉండాల్సింది," అంది. "అందరి ముందూ అన్నాను. తప్పు నాదే. ఇల్క్‌నూర్, ఇక నుంచి నువ్వు చెప్పు. నేను తిరగను."

"నేను తప్పు చెప్తే?"

"ఒక పాయింటు పోతుంది. నేను ఇప్పటిదాకా ఎన్ని పోగొట్టలేదు?"

ఇల్క్‌నూర్‌కి నవ్వొచ్చింది. "ఏడు. లెక్కపెట్టాను."

ఏదో చెబుదామని వస్తున్న నెర్గిస్ మేడమ్ అది విని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి టీ గ్లాసు అందుకున్నారు.

రెండో గేమ్‌లో మొదటి "వదిలెయ్" పిల్లి కూతలా వచ్చింది. తువానా చెయ్యి అప్పటికే పైకి లేచింది. మెడ వెనక్కి తిరగాలని గిలగిల్లాడింది. పళ్లు బిగబట్టి రాకెట్ దించింది. షటిల్ బయట పడింది. రెండో "వదిలెయ్" కాస్త గట్టిగా వచ్చింది. గేమ్ సగానికి వచ్చేసరికి ఇల్క్‌నూర్ అరుపు చివరి వరస దాకా వినిపించింది. ఆ గేమ్ వీళ్లదే.

మూడో గేమ్. పందొమ్మిది, పందొమ్మిది.

షటిల్ తువానా తల మీదుగా దూసుకొచ్చింది.

"వదిలెయ్!"

తువానా రాకెట్ దించింది. గీత దగ్గర కూర్చున్న ఆయన వేలు కిందికి చూపించాడు. లోపలే పడింది.

హాలంతా ఉసూరుమంది. పందొమ్మిది, ఇరవై. ఇంకొక్కటి పోతే అంకారా లేదు, శిబిరం లేదు, ఏమీ లేదు.

అందరూ తువానా మెడ వంకే చూశారు. గింజ నోట్లోకి వెళ్లకుండా నానమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది.

మెడ తిరగలేదు. తువానా ఎడమ చెయ్యి వీపు వెనక్కి చాపి, అరచెయ్యి తెరిచి పట్టుకుంది. తర్వాత చెమటతో తడిసిన ఇంకో అరచెయ్యి వచ్చి దాన్ని చరిచింది.

మలాత్యా పిల్ల సర్వీస్ చేసింది. అటూ ఇటూ పది దెబ్బలు. పదకొండోది మళ్లీ అదే ఎత్తులో, అదే వేగంతో వచ్చింది.

"వ... వదిలెయ్."

కొట్టు, కొట్టు అని తువానా ఒళ్లంతా మొత్తుకుంది. అయినా రాకెట్ దించేసింది. షటిల్ రివ్వున తల దాటింది. తువానా ఎదురుగా ఉన్న పిల్ల మొహాన్నే చూస్తూ నిలబడింది. ఆ మొహం మెల్లిగా వాడిపోయింది.

బయట. ఇరవై, ఇరవై.

ఆ తర్వాత రెండు పాయింట్లూ రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఇద్దరు పిల్లలూ కోర్టు మధ్యలో ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. నానమ్మ గింజల సంచి మొత్తం నేల మీద ఒలికింది. నిర్వాహకుడు కూడా చప్పట్లు కొడుతున్నాడు కాబట్టి ఏమీ అనలేదు.

వేసవిలో ఇద్దరూ అంకారా వెళ్లారు. చాలా ఓడారు. బోలెడుసార్లు పోట్లాడుకున్నారు, అన్నం దగ్గర కలిసిపోయారు. కొన్నేళ్లకి దేశం జట్టు ఎర్ర జెర్సీ వేసుకుని దేశాలు తిరిగారు. ఇల్క్‌నూర్ ఎనిమిది జతల కళ్లద్దాలు మార్చింది. మొన్న వసంతంలో ఒక పెద్ద పోటీ ఫైనల్ గెలిచినప్పుడు మా ఊరంతా టీవీల ముందే ఉంది.

ఆట అయ్యాక విలేకరి ఒకమ్మాయి తువానాని అడిగింది. "చివరి షటిల్ గీతకి వెంట్రుకవాసి దూరంలో బయట పడింది. ఎంత ధైర్యంగా వదిలేశారు. బయట పడుతుందని మీకెలా తెలిసింది?"

"నాకేం తెలుసండీ?" అంది తువానా, తువాలుతో మొహం తుడుచుకుంటూ. "ఇల్క్‌నూర్ వదిలెయ్ అంది. ఎక్కడ పడిందో నేనింకా చూడలేదు."