చెప్పకూడని ఐదు మాటలు

"జల్లెడ, గొడుగు, కాకి, నిమ్మకాయ, తాళం" అంది ఉదయలక్ష్మి ఆంటీ, ఒక్కో మాటా విడివిడిగా. "ఇవి గుర్తుపెట్టుకోండి పిన్నిగారూ. కాసేపయ్యాక మళ్లీ అడుగుతాను."

"ఈ మాత్రానికేనా అమ్మాయ్, అంత దూరం నుంచి కారేసుకొచ్చావు?" అంది నానమ్మ శ్యామసుందరి.

ఆంటీ నవ్వింది. ఆవిడ మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో సైంటిస్టు. వయసు పైబడేకొద్దీ మనిషి మెదడు దేన్ని వదిలేస్తుంది, దేన్ని పట్టుకుని ఉంటుంది అన్నదే ఆవిడ పరిశోధన. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకి ఇంగ్లీషులో పరీక్ష పెడితే ఏం తెలుస్తుందని, తెలుగు మాటలతోనే ఒకటి తయారు చేసుకుంది. దాన్ని పట్టుకుని ఊరి శివారు టార్నీట్‌లో తెలుగువాళ్ల ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఆ తర్వాత నానమ్మ చేత గడియారం బొమ్మ గీయించింది. లెక్కలు చెప్పించింది. అప్పటికే నానమ్మ మొహం వాడిపోయింది.

"టీ తాగుదాం. మిగతాది తర్వాత" అంది ఆంటీ. నానమ్మ పక్కనే కూర్చున్న మనవరాలి వైపు తిరిగింది. "దివ్యా, ఈలోపల ఆ మాటలు ఎవరూ గుర్తుచేయకూడదు. సరేనా?"

పదేళ్ల శ్రీదివ్య తలూపింది.

నానమ్మ వెనకే వంటింట్లోకి వెళ్లింది. నానమ్మ పాలగిన్నె స్టవ్ మీద పెట్టింది. వెలిగించలేదు. గిన్నెకేసి చూస్తూ నిలబడింది. దివ్యే వెలిగించింది.

పొద్దున నాన్న అమ్మతో అన్న మాట దివ్య చెవుల్లో ఇంకా ఉంది. "ఈ టెస్టులో తేడా వస్తే మా అమ్మని ఒక్కదాన్నీ బయటికి పంపొద్దు. దివ్యని ఆఫ్టర్ స్కూల్ కేర్‌లో వేసేద్దాం."

క్లాసులో రిషి ఆ కేర్‌కే వెళ్తాడు. "ఆరింటిదాకా అదే హాలు. రోజూ అవే క్రాకర్లు. నువ్వు కూడా రా, నాలాంటి మొహం వస్తుంది" అంటాడు.

నానమ్మయితే రుమాల్లో బెల్లం అట్టు చుట్టుకుని స్కూలు గేటు దగ్గరికొస్తుంది. దారి పొడుగునా నలుపూ తెలుపూ మాగ్‌పై పిట్టలని తిడుతుంది. "ఈ దేశంలో కాకులు కూడా సగం సున్నం కొట్టించుకుని తిరుగుతాయే" అంటుంది.

"నానమ్మా, ఆ మాటలు గుర్తున్నాయా?"

"ఏ మాటలే?"

దివ్య హాల్లోకి తొంగి చూసింది. ఆంటీ ఫోన్ చూసుకుంటోంది. దివ్య నానమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఒక కాకి గొడుగేసుకుని, జల్లెడలో నిమ్మకాయ పెట్టి, తాళం వేసింది. చెప్పు."

నానమ్మ చెప్పింది. దివ్య మళ్లీ చెప్పించింది. పాలు పొంగేదాకా చెప్పించింది.

టీ అయ్యాక నానమ్మ ఐదు మాటలూ గడగడా అప్పజెప్పింది. ఆంటీ కనుబొమలెత్తి రాసుకుంది. వారం తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. నాన్న శివప్రసాద్ అది చదివి, "హమ్మయ్య" అన్నాడు. దివ్య కూడా లోపల అదే అనుకుంది.

జులైలో, అక్కడి చలికాలం ముదిరాక, ఒక మధ్యాహ్నం నానమ్మ గేటు దగ్గరికి రాలేదు.

పిల్లలంతా వెళ్లిపోయారు. వాన మొదలైంది. టీచరు నాన్నకి ఫోన్ చేసింది. నాన్న వచ్చి దివ్యని ఎక్కించుకుని వీధి తర్వాత వీధి కారు తిప్పాడు. అన్నీ ఒకేలాంటి ఇళ్లు. ఏ మలుపులోనూ నానమ్మ లేదు.

చీకటి పడబోతుండగా దొరికింది. కొత్తగా కడుతున్న ఇళ్ల మధ్య ఇటుకల దొంతర మీద కూర్చుని ఉంది. పనివాడొకతను తన జాకెట్ ఆమె భుజాల మీద కప్పి పక్కనే నిలబడ్డాడు. బురదలో పడి నానమ్మ కుడి మణికట్టు వాచిపోయింది. ఒక కాలికి చెప్పు లేదు. రుమాలు మాత్రం ఎడమచేత్తో కొంగు కింద దాచుకుంది.

దివ్యని చూడగానే, "ఎంతసేపు పిలిచానే. ఇక్కడి స్కూలు తీసేశారేంటే?" అంది.

ఆస్పత్రిలో ఎముక విరిగిందన్నారు. కట్టు కట్టారు. ఇంటికొచ్చాక నాన్న ఆంటీకి ఫోన్ చేశాడు. స్పీకర్ మీద పెట్టి, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు.

"మీ రిపోర్టు చూసే కదండీ మా అమ్మని ధైర్యంగా పంపాను. ఎందుకండీ మీ టెస్టులు? జనాన్ని మోసం చెయ్యడానికా?"

అటునుంచి ఆంటీ గొంతు చిన్నగా వచ్చింది. "నాకూ అర్థం కావట్లేదు శివప్రసాద్ గారూ. టెస్టులోనే లోపం ఉందేమో. మొత్తం మళ్లీ చూసుకోవాలి."

దివ్య సోఫా అంచు గట్టిగా పట్టుకుంది.

"టెస్టు కరెక్టే ఆంటీ" అంది. "నేనే చెప్పాను. వంటింట్లో. ఫైవ్ వర్డ్సూ నేనే చెప్పించాను."

నాన్న నడక ఆగిపోయింది. తిట్టినా బాగుండేదని దివ్యకి అనిపించింది.

"అంటే ఆ రోజు నేను కొలిచింది నానమ్మ జ్ఞాపకశక్తి కాదు" అంది ఆంటీ. "నీది."

"సారీ ఆంటీ."

"ఊఁ" అని ఆంటీ ఫోన్ పెట్టేసింది.

నానమ్మ చేతికట్టు విప్పాక ఆంటీ మళ్లీ వచ్చింది. ఈసారి వేరే మాటలు తెచ్చింది. మళ్లీ టీ వేళయింది. ఆంటీ దివ్యకి జాగ్రత్తలేమీ చెప్పలేదు. ఊరికే ఒకసారి చూసింది.

వంటింట్లో నానమ్మ దివ్య చెయ్యి పట్టుకుంది. "ఏమిటే ఆ మాటలు? పోయినసారి చెప్పావుగా."

అన్నీ మరిచిపోయిన మనిషికి అది మాత్రం గుర్తుంది. చేట, రైలు, దువ్వెన, ఉల్లిపాయ, చీపురు. ఐదూ దివ్య నాలుక చివర ఉన్నాయి.

"చెప్పను నానమ్మా."

నానమ్మ చెయ్యి వదిలేసింది. "పెద్దదానివయ్యావులే" అని గ్లాసు చప్పుడయ్యేలా పెట్టింది.

హాల్లో నానమ్మ "రైలు" అంది. తర్వాత ఇంకేమీ రాలేదు. దివ్య మొహంలోకి చూసింది. వెతికింది. దివ్య పెదవులు బిగబట్టి కూర్చుంది. ఆంటీ ఆ ఒక్కటే రాసుకుంది.

ఆ సాయంత్రం నానమ్మ వంటింట్లో అట్లపిండి కలుపుతోంది. "రేపు గేటు దగ్గరే ఉండవే, వస్తాను" అంది.

సింకు దగ్గర్నుంచి అమ్మ కళ్లతో సైగ చేసింది, సరే అనేయమని.

దివ్య కాసేపు పిండికేసి చూసింది. "రేపు నువ్వు రావద్దు నానమ్మా. నేను కేర్‌లో ఉంటాను. నాన్న తీసుకొస్తారు."

"ఎందుకే?"

"నీకు దారి గుర్తుండట్లేదు."

"ఎవరన్నారా మాట?"

అమ్మ కుళాయి కట్టేసింది.

"నేనే" అంది దివ్య. "పోయినసారి ఆ మాటలు నేనే అందించానని నాన్నకీ ఆంటీకీ చెప్పేశాను."

నానమ్మ పిండి గిన్నె పక్కకి నెట్టేసింది. చెయ్యి కడుక్కోకుండానే తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

రేపు మళ్లీ ఇదే అడుగుతుంది. రేపూ నిజమే చెప్పాలి. రేపూ ఇలాగే కోపం వస్తుంది.

దివ్య వెళ్లి ఆ తలుపు పక్కన నేల మీద కూర్చుంది.