మూడో బల్ల మీద ఖాళీ చోటు

సింహం తోక ఎటు తిరిగి ఉందో చూసి, ఆ డాలు ఏ వంశానిదో చెప్పేయగలడు ఔలిస్. పన్నెండేళ్లుగా హెల్సింకీ దస్తావేజుల గదుల్లో పాత ముద్రల మీది దుమ్ము ఊదుతూ సంపాదించిన విద్య అది. వంశచిహ్నాల మీద అతను రాసిన పుస్తకానికి డాక్టరేట్ ఇచ్చారు. దాన్ని ఆసాంతం చదివినవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురూ పరీక్షకులే.

యుద్ధం ముగిసి ఏడేళ్లయింది. ఊరూరా సొంత చిహ్నం కావాలన్నారు. ఊళ్లవాళ్లు గీసి పంపిన బొమ్మల్ని పరిశీలించే కమిటీలో ఔలిస్‌ది చిన్న ఉద్యోగం. సారిలహ్తి ఊరి బొమ్మ వచ్చిన రోజున కమిటీకి పెద్దయిన ప్రొఫెసరు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఒక్క డాలు మీద చర్చి, ఆవు, చేప, రంపపుమిల్లు, సూర్యుడు... లెక్కపెడితే పదకొండు తేలాయి.

"నువ్వే వెళ్లు. ఏదో ఒక్కదానికి వాళ్లని ఒప్పించుకు రా" అన్నాడు.

ఔలిస్ ఉబ్బిపోయాడు. ఇన్నేళ్లూ ఇతరుల చిహ్నాల గురించి రాశాడే గానీ, తనదంటూ ఒక్కటీ గీయలేదు. రైలెక్కేలోగా నీలం డాలు మీద బంగారు ఎలుగుబంటిని గీసేశాడు. వాళ్లు సరేనంటే అది వందేళ్లు ఆ ఊరి జెండా మీద ఎగురుతుంది మరి!

"ఈ సంతని గీసిందెవరండీ?" అని కౌన్సిల్ ఆఫీసులో అడుగు పెడుతూనే అడిగాడు.

"నేనే" అంది కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి. పేరు హెల్కా. బడిలో టీచరు, కౌన్సిల్‌కి మినిట్స్ రాసేదీ ఆవిడే.

ఔలిస్ గొంతు సవరించుకున్నాడు. "అదికాదండీ... చిహ్నమంటే దూరం నుంచి చూడగానే తెలిసిపోవాలి. ఇందులో పదకొండు వస్తువులున్నాయి."

"కౌన్సిల్‌లో పదకొండుమంది ఉన్నారు. ఆవు తీసేస్తే ఆవులాయన అలుగుతాడు, చేప తీసేస్తే చేపలాయన. నా లెక్క సరిగ్గానే ఉంది."

ఔలిస్ తన కాగితం విప్పాడు. హెల్కా తల అటూ ఇటూ వంచి చూసింది.

"బావుంది. పక్క ఊరికీ ఎలుగుబంటే, ఆ పక్క ఊరికీ ఎలుగుబంటే. అన్ని ఊళ్లకీ కలిపి ఒకటేనా? వంతులవారీగా వస్తుందా?"

"అది మన అడవులకి గుర్తు..."

"మా అడవిలో దాన్ని చూసిన ఆఖరాయన పోయి నలభై ఏళ్లయింది. చూసినప్పుడు కూడా ఆయన తాగి ఉన్నాడంటారు."

శాస్త్రం ప్రకారం పరీక్ష పెడదామన్నాడు ఔలిస్. ఎలుగుబంటి కాగితాన్ని పొలం గట్టున ఓ కర్రకి తగిలించి, రెండువందల అడుగులు వెనక్కి నడిచారు.

"కుక్క" అన్నాడు కౌన్సిల్ పెద్ద ఎవర్ట్.

"పంది. బాగా మేపారు" అంది హెల్కా నాయనమ్మ లోవీసవ్వ.

హెల్కా పెదవి కొరుక్కుంది.

"నవ్వండి, పర్లేదు" అన్నాడు ఔలిస్ చిన్నబుచ్చుకుని.

"నేను నవ్వడం లేదే."

"మీ బుగ్గలు నవ్వుతున్నాయి."

"వాటి సంగతి నాకు తెలీదు."

మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక కౌన్సిల్ సమావేశం. అప్పటికీ ఒప్పుకోకపోతే ఔలిస్ చుట్టిన ఎలుగుబంటిని చంకలో పెట్టుకుని సాయంత్రం రైలెక్కడమే.

చర్చి సరస్సుకి ఆవలి ఒడ్డున ఉంది. వేసవిలో ఊరంతా ఒక్క పొడుగాటి పడవలో వెళ్తుంది. బల్లకి ఇద్దరు, మనిషికో తెడ్డు. ఔలిస్ చినుకుల్లో పరిగెత్తుకొచ్చేసరికి పడవ కదలబోతోంది. మూడో బల్ల మీద హెల్కా పక్కన ఒక్కటే చోటు ఖాళీ. దూకి కూర్చున్నాడు.

పడవలో వెనకనుంచి ముందుదాకా ఒక నవ్వు పాకింది.

"కాఫీ ఎప్పుడు పోయిస్తారబ్బాయ్?" అంది లోవీసవ్వ.

"ఏం కాఫీ అవ్వా?"

"పెళ్లి కాఫీ!"

హెల్కా చెవులదాకా ఎర్రబడింది. "పెళ్లికాని పిల్ల పక్క చోటు, చేసుకోబోయేవాడిదండీ. ఎవరూ చెప్పలేదా మీకు?" అంది పళ్ల సందునుంచి.

నిజానికి మూడేళ్లలో ఇద్దరు ఆ చోట కూర్చోబోయారు. ఆమె చూసిన చూపుకి వేరే బల్లకి సర్దుకున్నారు. ఆ చూపు ఇవాళెందుకో ఆలస్యమైంది.

"దూకేయమంటారా?" అన్నాడు ఔలిస్.

"ఈత వచ్చా?"

"రాదు."

"అయితే తెడ్డు వేయండి."

వేశాడు. మొదట నీళ్లు తన మీదే పోసుకున్నాడు, తర్వాత ముందున్న చేపలాయన మీద. హెల్కా మెల్లగా "ఒకటి... రెండు..." అని లెక్క చెబుతుంటే చేతులు కుదురుకున్నాయి. అప్పుడు తలెత్తి చూశాడు. చినుకులు ఆగి ఎండ కాసింది. తెడ్లన్నీ ఒక్కసారి లేచాయి. నీలం నీళ్ల మీద తడిసిన తెడ్లు వెండిలా మెరిశాయి. ఆవులాయన చేతిలో తెడ్డు, మిల్లాయన చేతిలో తెడ్డు. పదకొండుమందీ అలిగి కూర్చోకుండా ఒకే వైపు పోతున్నది ఇక్కడొక్కచోటే!

చర్చిలో ప్రసంగం జరుగుతున్నంతసేపూ అతను ఎలుగుబంటి వెనకవైపు ఏదో గీస్తూనే ఉన్నాడు.

సమావేశం చర్చి ఆవరణలోనే జరిగింది. ఔలిస్ కాగితం తిరగేసి పట్టుకున్నాడు. నీలం మీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు వెండి తెడ్లు.

"మరి నా ఆవు?" అన్నాడు ఆవులాయన.

"ఆవు మీ ఒక్కరిదండీ. తెడ్డు అందరి చేతిలోనూ ఉంది."

కాగితాన్ని ఆ చివర గేటుకి తగిలించారు. లోవీసవ్వ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. "తెడ్లు. పొర కమ్మిన నా కంటికే తెలుస్తోంది. మీకేం రోగం?"

పదకొండు చేతులూ లేచాయి.

"ఒక్క సందేహం" అంది హెల్కా, మినిట్స్ పుస్తకంలోంచి తలెత్తకుండా. "వస్తువులు ఎంత తక్కువైతే అంత మంచిదన్నారు కదా. ఒక్క తెడ్డు సరిపోదా?"

ఔలిస్ గేటుకి వేలాడుతున్న కాగితం వైపోసారి చూశాడు.

"ఒక్క తెడ్డుతో పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుందండీ. నేను పన్నెండేళ్లు అలాగే తిరిగాను."



"ఇదీ మినిట్స్‌లో రాయాలా?" అన్నాడు ఎవర్ట్.

"వద్దు వద్దు..." అన్నాడు ఔలిస్.

"రాసేశాను" అంది హెల్కా.

తిరుగుప్రయాణంలో ఆ ఒక్క చోటు తప్ప పడవ నిండింది. ఔలిస్ ఒడ్డునే ఆగిపోయాడు. మూడో బల్ల మీద హెల్కా తన ప్రార్థన పుస్తకాన్ని పక్క చోటులోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పొద్దున తెలీక కూర్చున్నారు" అంది.

"ఇప్పుడు తెలిసే కూర్చుంటున్నాను" అన్నాడు.

"లెక్క చెప్పనా?"

"మీరే చెప్పాలి."

వెనక చుక్కాని పట్టింది ఎవర్ట్. ఆ మూడో బల్లకి ఒకవైపే తెడ్డు కావడంతో, పడవ పక్కకి పోకుండా మూడేళ్లుగా అతని కుడిచెయ్యి చుక్కానిని లాగి పట్టి, పట్టి నొప్పెడుతోంది. ఇవాళ కాసేపు చూశాడు. మెల్లగా చెయ్యి వదిలాడు. పడవ తిన్నగానే పోతోంది.

హమ్మయ్య అనుకుని, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.