పదిలో నాలుగు మాటలు

ఉదయం ఏడింటికి కూతురు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, కాఫీ ఇవ్వవా?" అంది.

"ఇప్పుడేగా తాగావు! గ్లాసు కూడా నువ్వే కడిగి బోర్లించావు."

కూతురు గ్లాసు వంక చూసి, "అవునా?" అని నవ్వింది. తల్లికి నవ్వు రాలేదు.

మొన్న బాక్సింగ్ సాధనలో పిల్ల తలకు రెండు గుద్దులు తగిలాయి. నిన్న క్లబ్బు డాక్టరు పది మాటలు చదివి, కాసేపాగి తిరిగి చెప్పమన్నాడు. నాలుగు చెప్పింది. సీజన్ మొదట్లో పెట్టిన పరీక్షలోనూ నాలుగే చెప్పింది కాబట్టి తేడా లేదన్నాడు. రేపటి సెలెక్షన్ పోటీలో దిగొచ్చని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నమ్మాలో తన కళ్లను నమ్మాలో తల్లికి పాలుపోలేదు.

ముందుగదిలో భర్త చేతిపట్టీలు చుడుతున్నాడు. ఒకప్పుడు బాక్సర్, ఇప్పుడు కూతురికి కోచ్.

"ఏమండీ, దీన్ని రేపు దింపొద్దు."

"డాక్టరుకన్నా నీకెక్కువ తెలుసా? పోయి మిషను తొక్కుకో."

"మిషను సంగతే చెప్తా వినండి. నా దగ్గర కుట్టించుకునే ముప్పైమంది కొలతలు పుస్తకం చూడకుండా చెప్పేది ఇది. అలాంటి పిల్లకి దెబ్బ తగలకముందు కూడా పదింట్లో నాలుగేనా గుర్తున్నాయి?"

ఆయన చుట్టడం ఆపాడు. గుమ్మంలోంచి కూతురు అంది: "నాన్నే తక్కువ చెప్పమన్నాడమ్మా. మొదట తక్కువ చెబితే, తర్వాత దెబ్బ తగిలినా తేడా తెలీదట. అందుకే మిగతావి మింగేశా."

"అందరూ చేసేదేగా!" అన్నాడు తండ్రి. "మా కోచ్ నాకూ అదే నేర్పాడు."

"అందరూ గోతిలో దూకితే మీరు పిల్లని తోస్తారా?" తల్లి కూతురి వైపు తిరిగింది. "నిన్నా మింగేశావా?"

"లేదు. నిన్న ఎంత వెతికినా నాలుగే దొరికాయి."

"మరి నోరు విప్పవేమే?"

"విప్పితే రేపు ఆపేస్తారుగా."

తండ్రి ఫోన్ తీసి డాక్టరుకు చేశాడు. "మా అమ్మాయిని ఆపేయండి సార్. మొదటి పరీక్షలో అబద్ధం చెప్పించింది నేనే."

డాక్టరు అడిగింది గదిలో అందరికీ వినబడింది. "ఆ రోజు నిజానికి ఎన్ని గుర్తున్నాయి? అది తెలిస్తేనే ఇప్పుడు ఎంత పోయిందో చెప్పగలను."

తండ్రి కూతురి వంక చూశాడు. ఆమె వేళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"ఎన్నో మరి... నీకు చెప్పాను కదా నాన్నా? నువ్వే చెప్పు."

ఆయన ఆమె తలను ఒక చేత్తో పట్టుకుని గుండెకు ఆనించుకున్నాడు.

"నువ్వు చెప్పలేదు తల్లీ. నేను అడగలేదు."

తల్లి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ముగ్గురం ఇప్పుడే వస్తున్నాం సార్," అంది.