పెద్దమ్మ ఆగిన గంట

నింగివాడలో నిద్ర లేవగానే ఎవరైనా ముందు చేసే పని చెవి ఒగ్గి వినడం. గోడల్లో సన్నటి రొద వినిపిస్తే ఊపిరికి ఢోకా లేనట్టే. చంద్రుడి అవతలి వైపున, నేల లోపల కట్టిన ఆ ఊరికి గాలి తిప్పే టర్బైన్ ఒక్కటే ఉంది. కంపెనీవాళ్లు దానికి పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ పెద్దమ్మ అనే అంటారు.

అసలు ఊరు వెలిసింది లయజల్లెడ అనే మాట్లాడే యంత్రం కోసం. నున్నగా గుండ్రంగా లేని బరువైన నక్షత్రం గిర్రున తిరిగితే స్థలకాలంలో ఒకే లయతో అలలు పుడతాయి. అవే గురుత్వ తరంగాలు. పక్క గదిలో ఎవరైనా తుమ్మితే చాలు, ఆ అదురులో కలిసిపోయేంత బలహీనమైనవి. లయజల్లెడ ఏళ్ల తరబడి విని, తెలిసిన లయలన్నీ తీసేసి, మిగిలినదాన్ని గీతగా చూపిస్తుంది. పెద్దమ్మ రెక్కల లయను కూడా అలాగే తీసేసేది.

డాక్టర్ హైమవతి తన వయసంతా పోసి అలాంటి గీత ఒకటి పట్టింది. ఏడాదిగా అది బలపడి, కాసేపు వింటేనే కనిపిస్తోంది. భూమి మీది పెద్దలు దాన్ని నక్షత్రంగా ప్రకటించబోతున్నారు. ఆమెకు సంతోషంగా ఉండాల్సింది. అలసటగా ఉంది.

ఆయుధపూజ ముందురోజు జల్లెడ ఆమెను పలకరించింది.

"మేడమ్, మీ గీత నక్షత్రమైతే దాని లయ చంద్రుడి కదలికను బట్టి ఊగాలి. ఇది మన ఎండను బట్టి ఊగుతోంది."

"పరికరాలు వేడెక్కి ఉంటాయిలే."

"పైన ఎండ వేడిని బట్టి వేగం మార్చేది పెద్దమ్మ. రెక్కల మధ్య గాలి ఒకచోట ఆగిపోయి, ఆ ఆగుడు రెక్క నుంచి రెక్కకు పాకుతూ తిరుగుతుండవచ్చు. దాన్ని రొటేటింగ్ స్టాల్ అంటారు. దాని లయ రెక్కల లయ కాదు కనుక నా తీసివేతలో పోదు. అదే నిజమైతే రెక్కలు పగులుతాయి. రేపు పెద్దమ్మ ఆగినప్పుడు నన్ను ఆపకండి."

తిరిగేటప్పుడు ఒక్క రెక్క విరిగితే ఊరికి ఊపిరి ఉండదు.

ఏటా ఆయుధపూజకు పెద్దమ్మను గంటసేపు ఆపుతారు. జనమంతా మాస్కులు పెట్టుకొని వచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెట్టుకుంటారు. లయజల్లెడ కూడా పనిముట్టే కాబట్టి ఆ గంట దాన్నీ ఆపి బొట్టు పెడతారు. ఇన్నేళ్లలో అది పెద్దమ్మ మౌనాన్ని ఒక్కసారైనా వినలేదు. ఇంతమంది శాస్త్రజ్ఞుల్లో ఏ మహానుభావుడికీ ఆ సంగతి తట్టలేదు. తట్టినవాడెవడైనా ఉంటే, పూజనాడు పనిముట్టు వాడతామా అని ఊరుకుని ఉంటాడు.

ఈసారి హైమవతి బొట్టు పెట్టింది కానీ స్విచ్ ఆపలేదు. పెద్దమ్మ నెమ్మదించి ఆగింది. తెర మీద గీత కూడా నెమ్మదించి మాయమైంది. ఆమె టర్బైన్ హాలుకు పరుగెత్తింది. ఏడుపు వచ్చింది.

టర్బైన్ హాల్లో చీఫ్ ఇంజనీరు బాబ్జీ హారతి పళ్లెం పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"బాబ్జీ గారూ, మళ్లీ తిప్పకండి. రెక్కలు విప్పి చూడాలి."

"అదేంటండీ మేడమ్ గారూ! పండగపూట విప్పమంటారా? బంగారంలా తిరుగుతుంటేను, పెద్దమ్మకేం వచ్చిందండీ?"

"నేను పట్టిన గీత నక్షత్రం కాదు. మీ పెద్దమ్మ."

బాబ్జీ మొహం పాలిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నక్షత్రమే అనుకుందామండీ. మీకు పేరొస్తది, నా మీదికి మాట రాదు. లేనిపోని తలనొప్పి ఎందుకండీ?"

ఆ మాట ఆమె చెవికీ తియ్యగానే ఉంది. అదే ఆమెను భయపెట్టింది. "ఆక్సిజన్ సిలిండర్లు తెరిపించండి. జనాన్ని రక్షణ గదుల్లోకి పంపండి," అంది.

విప్పి చూస్తే మూడు రెక్కలు మొదళ్ల దగ్గర పగిలి ఉన్నాయి. ఊరంతా ఇరుకు గదుల్లో కుక్కుకుని కూర్చుంది. కొత్త రెక్కలున్న రోటర్ బిగించాక అందరూ ప్రాణాలతో బయటికి వచ్చారు.

ఆ తర్వాత ఎదురైన ప్రతివాళ్లూ హైమవతిని పరామర్శించారు. "నక్షత్రం పోయిందటగా, అయ్యో పాపం," అన్నారు. రెక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు.

వారం తర్వాత బాబ్జీ ఊరి కమిటీ తీర్మానం ఆమె సంతకానికి పట్టుకొచ్చాడు. వచ్చే ఏడాది నుంచి పూజకు ముందురోజే లయజల్లెడ ఆపేసి, గదికి తాళం వేయాలట.

"పూజనాడు పనిముట్టు ఆపకపోతే ఇలాగే అవుద్దని అందరూ అంటున్నారండీ."

"రెక్కలు పూజకు ముందే పగిలాయి కదండీ?"

"నిజమేననుకోండి. కానీ తెలిసింది పూజనాడే కదండీ."

ఆమెకు ఒళ్లు మండాలి. మండలేదు. ఎవరో భుజం మీంచి బరువు దించినట్టు హాయిగా అనిపించింది. పెన్ను అందుకుంది.

"మేడమ్," అంది జల్లెడ, "కొత్త గీత ఒకటి కనిపిస్తోంది. కొత్త రోటర్ బిగించిన రోజే మొదలైంది."

హైమవతి తెర వైపు చూసింది. గీత సన్నగా, ముచ్చటగా ఉంది.

"ఆకాశంలో ఏ దిక్కున ఉందో చూడు," అంది, సంతకం పెడుతూ.