నాలుగు వందల పదిహేడో పేరు

ఉదయం ఎనిమిదీ పదికి కాన్ఫరెన్స్ భవనంలో సర్వీస్ లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ముసలి బైండరు గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పనిసంచీ. మెడ చుట్టూ ఆయన సొంత పట్టుదారం. ప్రాణం పోయి రెండు గంటలైందని డాక్టర్ తేల్చాడు.

ఎనిమిదిన్నరకి సీక్రెట్ సర్వీస్ చీఫ్ టేబుల్ ముందు ఏజెంట్ దబ్బనం నిలబడి ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ అతను ఆ పేరుతోనే తెలుసు. ఎప్పుడో పోయిన వాళ్ళ నాన్న కూడా బైండరే. పదేళ్ళ వయసులో పుస్తకాలు కుట్టిన చెయ్యి, ముప్ఫై దాటాక శత్రువుల ప్లాన్లకి తూట్లు పొడవడం నేర్చుకుంది.

"కూర్చో," అన్నాడు చీఫ్.

"వద్దు సార్."

"కోపంగా ఉన్నావా?"

"మూడేళ్ళ నుంచీ ఉన్నాను సార్. ఇవాళ కొత్తేం కాదు."

మూడేళ్ళ క్రితం పొరుగుదేశం "మీ రక్షణ కోసమే" అంటూ ట్యాంకులేసుకుని సరిహద్దు దాటి వచ్చింది. రక్షించీ రక్షించీ ఆరు ఊళ్ళని బూడిద చేసింది. ఇప్పుడు ఆ ట్యాంకుల్లో డీజిల్ లేదు. శవపేటికలు మోసీ మోసీ విసిగిపోయిన తల్లులు వాళ్ళ రాజధాని వీధుల్లో బైఠాయించారు. దాంతో హఠాత్తుగా శాంతి గుర్తొచ్చింది. 'ఉభయ దేశాల విజ్ఞత' అని పొద్దున పేపర్లో హెడ్డింగ్. దబ్బనం ఆ పేపర్ని నిలువునా చింపి పారేసి వచ్చాడు. ఇంట్లో జొరబడి తన్నినవాడు చేతులు నొప్పిపుట్టి ఆగితే, అది విజ్ఞత ఎలా అవుతుందో అతనికి అర్థం కాలేదు.

చీఫ్ ఫైలు తెరిచాడు. "సాయంత్రం నాలుగింటికి సంతకాలు. ఒప్పందం నిన్ననే కుట్టడం అయిపోయింది. అందులో మూడో అనుబంధం మనకి ప్రాణం. వాళ్ళు పట్టుకుపోయిన మన జనం లిస్టు. 1,146 పేర్లు, పేజీకి యాభై. పది రోజుల్లో అందరినీ అప్పగించాలి. లిస్టులో లేనివాళ్ళ గురించి మనం ఇక నోరెత్తకూడదు. అదీ షరతు."

"ఆ షరతుకి ఎవరు ఒప్పుకున్నారు సార్?"

"యుద్ధం ఆపాలనుకున్నవాళ్ళు."

దబ్బనం పళ్ళు నూరాడు. చీఫ్ ఒక స్లిప్పు ముందుకు తోశాడు. పొద్దున ఆరింటికి పట్టుబడిన వైర్‌లెస్ మెసేజ్. 'చీపురు పని అయింది. చెత్త నాలుగింటికి బయటికి పోతుంది.'

"ఆపరేషన్ చీపురు. దాని వెనక ఉన్నది వాళ్ళ గ్లౌజుల జనరల్. ఎప్పుడు చూసినా చేతులకి తెల్ల గ్లౌజులు. ఏం ఊడ్చారో తెలీదు. ఆ కాగితాల్లోనే ఏదో చేశారని నా అనుమానం. కొత్త బైండరుగా నువ్వు వెళ్తున్నావు."

"లోపల మన మనిషి?"

"దుబాసీ. మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. ఎవరికి ఎంతెంతో ఆవిడకే లెక్క తెలీదు. కోడ్ గుర్తుపెట్టుకో. 'హాల్లో చలి ఎక్కువగా ఉంది' అంటుంది. 'కిటికీ మూయిస్తాను' అను."

దబ్బనం తలుపు దాకా వెళ్ళాక చీఫ్ మళ్ళీ పిలిచాడు.

"417వ పేరు ఎవరిదో నాకు తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. అందుకే భయంగానూ ఉంది. చివరి రోజున మనవైపు నుంచి అభ్యంతరం అన్న మాట వినిపించిందంటే వాళ్ళు లేచిపోవచ్చు. ఆరింటికల్లా సరిహద్దులో ఫిరంగులు మొదలవుతాయి. నోరు జారకు."

417 దబ్బనం అక్క. నాన్న పోయాక బైండింగ్ షాపుని నడిపింది ఆవిడే. తమ్ముడికి సూది పట్టించిందీ, కుట్టు వంకరపోతే మొట్టికాయ వేసిందీ ఆవిడే. 401 నుంచి 600 దాకా అందరూ ఒకే క్యాంపు వాళ్ళు. ఇటుకల బట్టీ క్యాంపు. ఆ బట్టీలో గ్లౌజుల జనరల్ ఎంతమందిని పూడ్పించాడో కళ్ళారా చూసింది ఈ భూమ్మీద ఆ రెండు వందల మందే. ఎందుకంటే గోతులు తవ్వించింది వాళ్ళ చేతనే.

మధ్యాహ్నం రెండింటికి తెల్ల మీసాలు, నల్ల ఏప్రన్, చెవిమిషనుతో ఒక వంగిన ముసలాయన సంతకాల హాల్లోకి వచ్చాడు. చెవిమిషన్లో చీఫ్ గొంతు వినిపిస్తుంది. మందపాటి కళ్ళద్దాలు ఏ అక్షరాన్నైనా ఇరవై రెట్లు చేసి చూపిస్తాయి. సంచీలో ఉన్న దబ్బనం పిడి తిప్పితే మొనలోంచి మత్తుమందు దిగుతుంది.

"హాల్లో చలి ఎక్కువగా ఉంది కదూ తాతా?"

వెనక్కి తిరిగాడు. ఆకుపచ్చ పట్టు గౌను, చెవులకి ముత్యాలు, చుట్టూ నలుగురు కెమెరామన్లు పని మరిచిపోయి చూసేంత అందం. దుబాసీ.

"కిటికీ మూయిస్తానమ్మగారూ."

ఆమె బల్ల మీదకి వంగి గొంతు తగ్గించింది. "సరిహద్దు మ్యాప్ మార్చేశారు. మొదటి అనుబంధం. నాలుగు కొండలు పోయాయి. సంతకం పెట్టేముందు గట్టిగా అరిచి ఆపేయ్. ఇంకో దారి లేదు."

చిరునవ్వొకటి పారేసి వెళ్ళిపోయింది. దబ్బనం పేజీలు సర్దుతున్నట్టుగా మ్యాప్ తెరిచాడు. కాగితం పాతదే. కుట్టు నిన్నటిదే. కొండలు నాలుగూ కదలకుండా ఎక్కడివక్కడే ఉన్నాయి. అరిస్తే ఏమవుతుంది? మ్యాప్ చూస్తారు, బాగానే ఉందంటారు, పిచ్చి ముసలాయన్ని మెడపట్టి గెంటేస్తారు, ఆ తర్వాత కుట్టు వంక చూసే దిక్కు ఉండదు.

'నన్ను గెంటించాలని చూస్తున్నావన్నమాట. అంటే దొంగతనం ఇంకెక్కడో ఉంది,' అనుకున్నాడు.

మూడో అనుబంధం తెరిచాడు. ప్రతి పేజీ కింద రెండు దేశాల కార్యదర్శుల పొట్టి సంతకాలు ఉన్నాయి. మొదటి ఎనిమిది పేజీలూ చక్కగా ఉన్నాయి. తొమ్మిదో పేజీలో వేలు ఆగింది.

దారం సంతకం మధ్యలోంచి పోతోంది. సూది గుచ్చిన చోట సిరా చిట్లింది.

ఇక్కడ ముందు కుడతారు, తర్వాతే సంతకం పెడతారు. విడి కాగితం మీద సంతకం పెడితే ఎవడైనా మార్చేస్తాడని బైండింగ్ షాపుల్లో పనికి చేరిన మొదటి రోజే చెబుతారు. కుట్టాక పెట్టిన సంతకంలోంచి సూది పోయే ప్రశ్నే లేదు. అవతలి దేశపు ఆఫీసుల్లో పద్ధతి వేరు. విడి కాగితాల మీద సంతకాలు చేసి, తర్వాత కట్ట కుట్టించుకుంటారు. దొంగ పేజీలు తయారుచేసేటప్పుడు కూడా వెధవలు ఇంటి అలవాటు మానుకోలేదు.

తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. నాలుగు పేజీల్లోనూ అంతే. తెల్లారకుండానే ఆ ముసలాయన నెత్తిన తుపాకీ పెట్టి కుట్టించారు. ఆయన కుట్టుని వేలెడు లోపలికి జరిపి, ప్రతి సంతకాన్నీ సరిగ్గా నడుమన పొడిచి మరీ కుట్టాడు. పొరపాటున అలా కుట్టే చెయ్యి కాదు అది. ఎవరో ఒక బైండరు చూస్తాడని నమ్మి, ఆ తర్వాత లిఫ్ట్ ఎక్కాడు.

మళ్ళీ తొమ్మిదో పేజీకి వచ్చి పదిహేడో వరస చూశాడు. 417. అక్క పేరు లేదు. ఆ స్థానంలో వాళ్ళ వీధి పోస్ట్‌మాన్ పేరు ఉంది. కిందటి ఏడాది ఆ పోస్ట్‌మాన్ శవాన్ని ట్రక్కులో తెచ్చి పడేశారు. గోతిలో మట్టి వేసిన చేతుల్లో ఈ దబ్బనం చేతులూ ఉన్నాయి. కిందికి చదువుతూ పోయాడు. అందరూ ఎప్పుడో పోయినవాళ్ళే. బతికున్న రెండు వందల మందిని తీసేసి, ఆ ఖాళీలని చచ్చిపోయినవాళ్ళతో పూడ్చారు. సంతకం పడితే చాలు, అక్కని ఏం చేసినా అడిగే హక్కు ఎవరికీ ఉండదు.

కళ్ళ ముందు అక్షరాలు ఎర్రబడ్డాయి. ఆ బల్ల ఎత్తి జనరల్ నెత్తిన వేయాలన్నంత కోపం వచ్చింది. మీసాల చాటున పెదవి కొరుక్కుని చెవిమిషన్లోకి గొణిగాడు. "తొమ్మిది నుంచి పన్నెండు. దొంగ పేజీలు. బట్టీ వాళ్ళ పేర్లు తీసేశారు."

చెవిమిషన్లో చీఫ్ గొంతు పలికింది. "అసలు లిస్టు మధ్యవర్తి జడ్జి దగ్గర సీల్డ్ కవర్లో ఉంది. సంతకాలయ్యాక తగలబెట్టేస్తారు. మనం మాత్రం తెరవమని అడగడానికి లేదు."

"అడగను సార్."

మూడూ నలభైకి పక్క గదిలో స్పిరిట్ స్టవ్ మీద ముద్రల కోసం లక్క కరిగిస్తున్నాడు. తలుపు మూసిన చప్పుడైంది. దుబాసీ చేతిలో చిన్న పిస్తోలు ఉంది.

"మ్యాప్ వదిలేసి లిస్టు చూశావు. తప్పు చేశావు మిస్టర్ దబ్బనం."

"బైండర్ని నువ్వే పిలిపించావా?"

"రిబ్బన్ ఊడిందన్నాను. పాపం, వెంటనే వచ్చాడు." ఆమె నిట్టూర్చింది. "ఆలోచించు. యుద్ధం ఆగిపోతుంది. లక్షల మంది ఇళ్ళకి పోతారు. దానికి రెండు వందల మంది ఎంత?"

"ఆ రెండు వందల్లో నిన్ను కలుపుకో. అప్పుడు చెప్పు ఎంతో."

"నేను లెక్కలో రానుగా."

"ఎప్పుడూ రావు. నీలాంటివాళ్ళు లెక్కలు వేసేవైపే ఉంటారు." దబ్బనం గరిటె తిప్పుతూనే ఉన్నాడు. "కాల్చేముందు ఆ స్టవ్ ఆర్పమ్మా. స్పిరిట్ అంటుకుంటే పట్టుగౌను ఆగదు."

ఆమె కళ్ళు ఒక్క క్షణం స్టవ్ మీదకి పోయాయి. ఆ క్షణం చాలింది. సంచీలోంచి లాగిన దబ్బనం మొన ఆమె మణికట్టులో దిగింది. పిస్తోలు జారింది, ఆమె కూడా జారింది. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ముత్యాలు సర్ది, తలుపుకి గొళ్ళెం పెట్టి, లక్క గిన్నె పట్టుకుని వంగి వంగి హాల్లోకి నడిచాడు.

నాలుగైంది. కెమెరాల లైట్లు వెలిగాయి. గ్లౌజుల జనరల్ ముందుగా సంతకం పెట్టి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మన మంత్రి పెన్ను మూత తీశాడు. ముద్రలు వేయడానికి బైండరు పక్కనే నిలబడాలి. అది ఆచారం. అనుబంధంలో ఒక్క పేజీ పాడైనా, సంతకాలు పూర్తికాకముందే సీల్డ్ కవర్లోని అసలు ప్రతితో మొత్తం చదివి సరిచూడాలి. అదీ మధ్యవర్తి జడ్జి పెట్టిన నియమాల్లోదే. దబ్బనం ఆ నియమాల పుస్తకాన్ని మధ్యాహ్నం టీ తాగుతూ చదివాడు. ఇంకెవరూ చదివి ఉండరు.

రిబ్బన్ సరిచేస్తున్నట్టు తొమ్మిదో పేజీ తెరిచాడు. పెన్ను కాగితానికి అంగుళం దూరంలో ఉంది.

ముసలి చెయ్యి వణికింది.

మరుగుతున్న లక్క ఎర్రగా, చిక్కగా, తొమ్మిదో పేజీ అంచు మీదా, దబ్బనం కుడిచేతి వేళ్ళ మీదా పడింది. "అబ్బా!" అన్న కేక నటన కాదు.

"ముసలి వెధవా!" జనరల్ లేచాడు. కెమెరాలు అతనివైపు తిరిగాయి. మళ్ళీ కూర్చున్నాడు.

మధ్యవర్తి జడ్జి నింపాదిగా కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పేజీ పాడైంది. నియమం ప్రకారం కవరు తెరుస్తున్నాను." దుబాసీ కోసం వెతికారు. కనపడలేదు. "పరవాలేదు. పేర్లే కదా, తర్జుమా అక్కర్లేదు," అన్నాడు జడ్జి.

చదవడం మొదలైంది. ఒకటి. రెండు. మూడు. ప్రపంచమంతా చూస్తుండగా, ఎత్తుకుపోయిన ఒక్కొక్కరి పేరూ జనరల్ చెవిలో పడుతూ వచ్చింది. నాలుగు వందల దాకా కుట్టిన ప్రతితో సరిపోయింది. 401 దగ్గర తేడా వచ్చింది. 402లోనూ తేడా. 417 దగ్గర జడ్జి అక్క పేరు ఇంటిపేరుతో సహా చదివాడు. దబ్బనం కాలిన చేతిని ఏప్రన్లో దాచుకుని, ఆ పేరు గాలిలో ఉన్నంతసేపూ ఊపిరి పీల్చలేదు.

జడ్జి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "జనరల్, ఈ నాలుగు పేజీల్లో రెండు వందల పేర్లు వేరే ఉన్నాయి. ఏమిటిది?"

జనరల్ గ్లౌజు తీశాడు, వేసుకున్నాడు. "టైపింగ్ పొరపాటు."

"పొరపాటే అయి ఉంటుంది. కొత్త పేజీలు కుట్టండి."

కాలిన వేళ్ళతోనే దబ్బనం కుట్టాడు. మొదట కుట్టు, తర్వాత సంతకం. ఆరూ పదికి యుద్ధం అయిపోయింది.

పదో రోజున వంతెన మీదుగా బస్సులొచ్చాయి. ఇటుకల బట్టీ క్యాంపు నుంచి రావలసింది రెండు వందలు. దిగింది నూట అరవై మూడు. మిగతా ముప్ఫై ఏడు మందికీ పేర్లు మాత్రమే వచ్చాయి. ఆ మధ్యాహ్నం కూడా పేపర్లు విజ్ఞత గురించే రాశాయి. దబ్బనం ఈసారి చింపలేదు, కట్టలు కట్టి పొయ్యిలో పెట్టాడు. చివరి బస్సులోంచి అక్క దిగింది. సగమైపోయింది. తమ్ముడి కట్టు కట్టిన చెయ్యి చూసింది గానీ ఏమీ అడగలేదు. ఇంటికెళ్ళి రెండు రోజులు నిద్రపోయి, మూడో రోజు లేచి, "బట్టీలో గోతులు ఎక్కడున్నాయో చూపిస్తా, రాసుకోమను," అంది.

ఎనిమిది నెలల తర్వాత అంతర్జాతీయ కోర్టు. బోనులో జనరల్ ఉన్నాడు, చేతులకి గ్లౌజుల్లేవు. పక్కబోనులో దుబాసీ రెండు వైపుల వాళ్ళ పేర్లూ వరసగా చెప్పేస్తోంది. మొదటి సాక్షిగా అక్కని పిలిచారు. లాయరు ఒప్పందాన్ని తెచ్చి, తొమ్మిదో పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాడు.

"పదిహేడో వరస చూడండమ్మా. ఇది మీరేనా?"

అక్క చాలాసేపు ఆ పేజీ మీద వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత జనంలో కూర్చున్న తమ్ముడి వైపు కళ్ళెర్రజేసింది.

"పేరు నాదేనండీ. ఈ వంకర కుట్టు మాత్రం మా ఇంట్లో నేర్పింది కాదు."